సవానా, చార్లెస్టన్, సెయింట్ ఆగస్టీన్: రెండు మూడు రోజుల కోసం ఇద్దరూ వెళ్లాలంటే ఏ ఊరు?

అట్లాంటాలోనో షార్లెట్‌లోనో కాపురం పెట్టి, మొదటి లాంగ్ వీకెండ్‌కి ఏదైనా పాత ఊరు చూసొద్దామనుకునే తెలుగు జంటలు ఎక్కువగా మూడు పేర్ల దగ్గర ఆగిపోతారు. జార్జియాలో సవానా, సౌత్ కరోలినాలో చార్లెస్టన్, ఫ్లోరిడాలో సెయింట్ ఆగస్టీన్. ఫొటోల్లో చూస్తే ఏది ఏదో గుర్తుపట్టడం కష్టం. ఎక్కడ చూసినా పాత ఇళ్లు, ఓక్ కొమ్మల నుంచి వేలాడే బూడిదరంగు స్పానిష్ మాస్, గుర్రపు బళ్లు, దగ్గర్లో సముద్రం. అందుకే చాలామంది ఆ వారం ఎక్కడ హోటల్ చవగ్గా దొరికితే అక్కడికి వెళ్లిపోతారు. నిజానికి ఈ మూడు ఊళ్లూ మూడు రకాలు. ఒకరికి ఎంతో నచ్చిన ఊరే ఇంకొకరికి విసుగు పుట్టించవచ్చు.

నా సలహా ముందే చెబుతాను. రెండే రాత్రులు ఉంటే సవానా. మూడు రాత్రులుండి, ఖర్చుకు కాస్త వెసులుబాటు ఉంటే చార్లెస్టన్. మీరు ఫ్లోరిడాలో ఉన్నా, రోజూ కాసేపు సముద్రంలో దిగకపోతే ట్రిప్‌లా అనిపించకపోయినా సెయింట్ ఆగస్టీన్. న్యూ ఆర్లీన్స్‌ని ఇందులో కలపలేదు. సంగీతం, తిండి, రాత్రి సందడి కోసం విమానమెక్కి వెళ్లే ఊరది, దానికి వేరే ప్లాన్ కావాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది, చేతిలో నిజంగా ఎంత సమయం ఉందన్నది. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి సోమవారం సాయంత్రానికి ఇంటికి చేరాలంటే మూడు రాత్రులు. శనివారం ఉదయం బయల్దేరితే రెండే. అందులో రానూపోనూ డ్రైవింగ్ తీసేస్తే ఊళ్లో గడిపేది ఒకటిన్నర రోజు. ఈ లెక్క వేసుకోకుండా పెద్ద జాబితా పట్టుకుని వెళితే ఇద్దరూ అలసిపోయి తిరిగొస్తారు.

రెండోది, మీ ఇద్దరిలో ఎవరికి ఏది ఇష్టమన్నది. ఒకరికి మ్యూజియంలో ప్రతి బోర్డూ చదవాలని ఉంటుంది, ఇంకొకరికి చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటే చాలు. ఈ తేడా ఉన్నవాళ్లకు ఊరి ఎంపిక చాలా ముఖ్యం. ఎందుకో కింద చెబుతాను.

మూడోది బస. నా దృష్టిలో ఏ ఊరు అన్నదాని కంటే ఊళ్లో ఎక్కడ దిగుతారన్నదే ట్రిప్‌ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఆ తర్వాత తిండి, సీజన్.

| | సవానా | చార్లెస్టన్ | సెయింట్ ఆగస్టీన్ |
|---|---|---|---|
| అట్లాంటా నుంచి కారులో | సుమారు 4 గంటలు | సుమారు 5 గంటలు | సుమారు 6 గంటలు |
| షార్లెట్ నుంచి | సుమారు 4 గంటలు | సుమారు మూడున్నర | ఆరు దాటుతుంది |
| ఓర్లాండో నుంచి | సుమారు 4 గంటలు | ఆరు దగ్గర | 2 గంటల లోపే |
| సరిపడే రాత్రులు | 2 | 3 | 1 లేదా 2 |
| ఖర్చు | మధ్యస్థం | మూడింట్లో ఎక్కువ | మధ్యస్థం, సెలవుల్లో బాగా పెరుగుతుంది |
| కారు తీయకుండా గడపడం | చాలా సులువు | ఊళ్లో సులువు, బయటికి కారు కావాలి | సులువు, బీచ్‌కి కారు |
| బీచ్ | టైబీ, అరగంట | ఫాలీ, సల్లివాన్స్ ఐలాండ్, అరగంట లోపు | పది పదిహేను నిమిషాలు |
| ఎవరికి నచ్చుతుంది | నడక, నీడ, తీరిక | చరిత్ర, భోజనం, ఇళ్ల నిర్మాణం | కోట, సముద్రం |

## మూడు ఊళ్లకూ ఉన్న ముడి

ఇది తెలుసుకుని వెళితే ఏ ఊరైనా రెండింతలు నచ్చుతుంది. సెయింట్ ఆగస్టీన్‌ను స్పానిష్‌వాళ్లు 1565లో స్థాపించారు. చార్లెస్టన్‌ను ఇంగ్లిష్‌వాళ్లు 1670లో మొదలుపెట్టి, వరి పంటతో, ఆ పంట పండించిన ఆఫ్రికన్ బానిసల శ్రమతో విపరీతంగా సంపాదించారు. ఆ సంపదకీ స్పానిష్ ఫ్లోరిడాకీ మధ్య అడ్డుగోడగా ఇంగ్లండ్ ఇంకో కాలనీ కోరుకుంది. అలా 1733లో జార్జియా కాలనీ స్థాపించడానికి జేమ్స్ ఓగల్‌థార్ప్ సవానాలో దిగాడు. మొదట్లో జార్జియాలో బానిసత్వం మీద నిషేధం ఉండేది, 1751 నాటికి అది పోయింది. కరోలినా తోటల నుంచి తప్పించుకున్న బానిసలు దక్షిణంగా స్పానిష్ భూభాగానికి పారిపోయేవాళ్లు. వాళ్ల కోసం 1738లో సెయింట్ ఆగస్టీన్ పక్కన ఫోర్ట్ మోసే అనే ఊరు వెలిసింది. ఇప్పటి అమెరికా భూభాగంలో చట్టబద్ధంగా ఏర్పడిన మొదటి స్వేచ్ఛాయుత నల్లజాతి ఊరు అదే.

ఈ ఊళ్లలో మనం మెచ్చుకునే ప్రతి మేడ వెనకా ఈ కథ ఉంది. ఇద్దరూ సరదాగా గడపడానికి వెళుతున్నాం కదా అని దాన్ని పక్కన పెట్టకండి. ఉన్న రెండు మూడు రోజుల్లో ఒక్క పూట దానికి కేటాయించండి. ఎక్కడన్నది కింద ఊరు ఊరుకీ చెబుతాను.

## సవానా: ఏమీ ప్లాన్ చేయకపోయినా గడిచే ఊరు

ఓగల్‌థార్ప్ ఊరిని చదరాలుగా గీశాడు. కొన్ని ఇళ్లు, మధ్యలో ఒక ఖాళీ స్థలం, మళ్లీ కొన్ని ఇళ్లు, మళ్లీ ఖాళీ స్థలం. ఆ స్థలాలే స్క్వేర్లు. మొత్తం 24 ఉండేవి, ఇప్పుడు 22 మిగిలాయి. ప్రతి స్క్వేర్‌లోనూ ఓక్ చెట్లు, బెంచీలు ఉంటాయి. దీనివల్ల నడిచేవాళ్లకు పెద్ద లాభం. రెండు మూడు నిమిషాలు నడిస్తే నీడ దొరుకుతుంది, కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

ఊరిని చూడటానికి ఒక్క దారి చెప్పమంటే బుల్ స్ట్రీట్ చెబుతాను. 30 ఎకరాల ఫోర్సైత్ పార్కులో, 1858 నాటి తెల్లని ఫౌంటెన్ దగ్గర మొదలుపెట్టి ఉత్తరం వైపు నడవండి. వరసగా మాంటెరీ, మాడిసన్, చిప్పెవా, రైట్, జాన్సన్ స్క్వేర్లు వస్తాయి. దారిలో పక్కకు తిరిగి జోన్స్ స్ట్రీట్‌లో కాసేపు తిరగండి. చివర్లో బే స్ట్రీట్ దాటి కిందికి దిగితే నది ఒడ్డున రివర్ స్ట్రీట్. ఆగకుండా నడిస్తే అరగంట దారి. మీరు మాత్రం ఒక పూటంతా తీసుకోండి. రివర్ స్ట్రీట్‌కి దిగే రాతి మెట్లు ఏటవాలుగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. అక్కడ పరిచిన రాళ్లు ఒకప్పుడు ఓడల్లో బరువు కోసం వేసుకొచ్చినవి. హీల్స్ వద్దు. చీర కట్టుకుని ఫొటోలు దిగాలనుకుంటే ఫోర్సైత్ పార్కు దగ్గరే ఆ పని కానిచ్చేసి, మంచి చెప్పులు వేసుకుని బయల్దేరండి.

అమెరికా అంతర్యుద్ధంలో, 1864 డిసెంబర్‌లో ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ సైన్యం వచ్చినప్పుడు ఊరి పెద్దలు లొంగిపోయారు, ఊరు తగలబడలేదు. అయితే ఈ ఇళ్లు మిగలడానికి అదొక్కటే కారణం కాదు. 1954లో పాత సిటీ మార్కెట్‌ని కూల్చి పార్కింగ్ గ్యారేజీ కట్టారు. తర్వాత డావెన్‌పోర్ట్ హౌస్ వంతు రాబోతోందని తెలిసి 1955లో ఏడుగురు ఆడవాళ్లు ఒక సంస్థగా ఏర్పడి ఆ ఇంటిని కొని నిలబెట్టారు. ఇవాళ మనం నడిచే వీధులు చాలావరకు అలాంటి పట్టుదల వల్ల దక్కినవే.

ఆ ఒక్క పూట కోసం: ఓవెన్స్-థామస్ హౌస్. 1819 నాటి ధనవంతుల ఇల్లు, దాని వెనకే బానిసలు నిద్రపోయిన గదులు. వాటి పైకప్పు మీద పాత నీలిరంగు ఇంకా కనిపిస్తుంది. ముందు ఆ గదులు చూసి తర్వాత మేడలోకి వెళితే మేడ వేరేలా కనిపిస్తుంది. దీనికి తోడు ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. దాని నేలలో ఒక నమూనాలో చేసిన రంధ్రాలున్నాయి. కింద దాక్కున్న పారిపోయిన బానిసలకు గాలి ఆడేందుకు చేసినవని చర్చి వాళ్లు చెబుతారు.

రెండో రోజు కారు తీయండి. వార్మ్‌స్లో అనే పాత ఎస్టేటులో 400కి పైగా ఓక్ చెట్లు ఒకటిన్నర మైలు పొడవునా రెండు వైపులా కమ్ముకుని ఉంటాయి. ఉదయం పూట వెళితే వెలుతురు బాగుంటుంది, జనం తక్కువ. అక్కడి నుంచి టైబీ ఐలాండ్. దారిలో ఫోర్ట్ పులాస్కి వస్తుంది. 1862 ఏప్రిల్‌లో కొత్తరకం రైఫిల్డ్ ఫిరంగులు ఆ ఇటుక గోడల్ని 30 గంటల్లో లొంగదీశాయి. గుండ్లు తగిలిన గుంటలు గోడ మీద ఇప్పటికీ ఉన్నాయి. టైబీ లైట్‌హౌస్‌కి 178 మెట్లు. బీచ్ మామూలుగా ఉంటుంది, నీళ్లు నీలంగా ఉండవు. నీలి సముద్రం ఆశించి వెళ్లకండి.

బోనావెంచర్ శ్మశానం గురించి ఒక మాట. సవానా అనగానే దాన్నే ముందు చెబుతారు. చెట్లు, శిల్పాలు, పక్కన నది, నిజంగా అందమైన చోటు. కానీ కొత్తగా పెళ్లైన జంటలో ఎవరికైనా శ్మశానానికి షికారు వెళ్లడం ఇష్టం లేకపోతే మొహమాటపడి వెళ్లాల్సిన పని లేదు. ఆ పూట ఫోర్సైత్ పార్కులో గడిపినా నష్టం లేదు. రాత్రిపూట గోస్ట్ టూర్లకూ ఇదే మాట.

సవానాకి లోటు ఏమిటంటే, చూడాల్సినవి ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేవాళ్లకు రెండో రోజు మధ్యాహ్నానికే అయిపోయినట్టు అనిపిస్తుంది. వారాంతం రాత్రుల్లో రివర్ స్ట్రీట్, పాత మార్కెట్ పేరుతోనే ఇప్పుడున్న సిటీ మార్కెట్ వీధుల చుట్టుపక్కల మద్యం సందడి ఎక్కువ. పాత ఊరి హద్దుల్లో ప్లాస్టిక్ కప్పులో మందు పట్టుకుని వీధిలో నడవడానికి అక్కడ అనుమతి ఉంది. అది గిట్టనివాళ్లు ఫోర్సైత్ పార్కు వైపు బస చూసుకుంటే ప్రశాంతంగా ఉంటుంది.

## చార్లెస్టన్: తెలుసుకున్నకొద్దీ పెరిగే ఊరు

ఆష్లీ, కూపర్ నదుల మధ్య ఇరుకైన నేల మీద ఉంది పాత చార్లెస్టన్. పాత ఇళ్లున్న ప్రాంతాన్ని కాపాడటానికి 1931లోనే చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి ఊరు ఇదే. బ్రాడ్ స్ట్రీట్‌కి దక్షిణాన వీధుల్లో నడుస్తుంటే ఇళ్లు పక్కకు తిరిగి నిలబడినట్టు కనిపిస్తాయి. వీధి వైపు ఉన్న తలుపు తెరిస్తే గది ఉండదు, పొడవాటి వరండా ఉంటుంది. గాలి కోసం అలా కట్టుకున్నారు. గోడల మీద గుండ్రని ఇనుప బిళ్లలు కనిపిస్తే ఆగి చూడండి. 1886 ఆగస్టు 31 భూకంపం తర్వాత గోడల్ని బిగించి పట్టడానికి లోపల్నుంచి వేసిన కడ్డీల చివరలవి. రంగురంగుల 13 ఇళ్ల రెయిన్‌బో రో, అక్కడి నుంచి బ్యాటరీ అని పిలిచే తీరపు గట్టు దాకా నీటి పక్కన నడక, ఈ రెండూ సాయంత్రానికి అట్టిపెట్టుకోండి.

ఇక్కడ ఒక్కొక్క చోటూ సగం రోజు తినేస్తుంది. అంతర్యుద్ధం మొదలైన ఫోర్ట్ సమ్టర్‌కి పడవలోనే వెళ్లాలి. 1861 ఏప్రిల్ 12న తొలి ఫిరంగి గుండు పడింది ఈ కోట మీదే. రానూపోనూ ప్రయాణం, కోటలో ఒక గంట కలిపి రెండుంపావు గంటలు. నౌకాశ్రయంలో గాలి, దూరంగా రావెనెల్ వంతెన, పడవ ప్రయాణమే సగం ఆనందం. చరిత్ర అంటే ఆసక్తి లేనివాళ్లు కూడా దీన్ని ఇష్టపడతారు.

చార్లెస్టన్‌కి వెళ్లి ఇంటర్నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం చూడకుండా రావద్దని గట్టిగా చెబుతాను. 2023 జూన్‌లో తెరిచారు. ఓడల్లో తెచ్చిన ఆఫ్రికన్లను దించిన గాడ్స్‌డెన్స్ వార్ఫ్ అనే రేవు ఉన్న చోటే అది. ఆ నేలను గౌరవించి, భవనాన్ని స్తంభాల మీద ఎత్తుగా నిలబెట్టారు. ఉత్తర అమెరికాకు బానిసలుగా తెచ్చినవాళ్లలో సుమారు 40 శాతం చార్లెస్టన్ ప్రాంతం మీదుగానే వచ్చారని చరిత్రకారుల అంచనా.

ఇక ప్లాంటేషన్లు, అంటే ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన పెద్ద ఎస్టేట్లు. మూడు నాలుగు పేర్లు వినిపిస్తాయి, రెండు మూడు రోజుల ట్రిప్‌లో ఒక్కటే చూడగలరు. తోటల అందం కావాలంటే మిడిల్‌టన్ ప్లేస్ లేదా మాగ్నోలియా, ఊరి నుంచి అరగంట. పనిచేసినవాళ్ల జీవితం తెలుసుకోవాలంటే మెక్‌లియడ్, ఇంకా దగ్గర. ఓక్ చెట్ల దారిలో ఫొటోల కోసం బూన్ హాల్‌కి వెళతారు, అక్కడ కూడా బానిసల ఇటుక గుడిసెలు వరసగా నిలబడి ఉన్నాయి, వాటిని దాటేసి రాకండి. నేనైతే మెక్‌లియడ్ ఎంచుకుంటాను. డెల్టా ప్రాంతాల నుంచి వచ్చిన తెలుగువాళ్లకు మాత్రం మిడిల్‌టన్ ప్లేస్‌లో ఒక ప్రత్యేకమైన ఆసక్తి ఉంటుంది. ఇక్కడి వరి సాగు పూర్తిగా ఆటుపోట్ల మీద నడిచింది. పోటు వచ్చినప్పుడు నదిలో మంచినీళ్లు పైకి లేస్తాయి, తూములెత్తి వాటిని మళ్లలోకి వదిలేవారు. ఆటు సమయంలో అదే తూముల నుంచి నీళ్లు తీసేసేవారు. ఆ గట్లు వేసింది, తూములు నడిపింది బానిసలే. పశ్చిమాఫ్రికాలో వరి పండించే ప్రాంతాల నుంచి వచ్చినవాళ్ల నైపుణ్యం ఇందులో చాలా ఉంది. గట్టు, తూము, మడి తెలిసిన మనవాళ్లకు ఈ కథ గైడ్ చెప్పకముందే సగం అర్థమవుతుంది.

చార్లెస్టన్ సిటీ మార్కెట్‌లో స్వీట్‌గ్రాస్ అనే గడ్డితో బుట్టలు అల్లే గల్లా గీచీ ఆడవాళ్లు, అంటే ఈ తీరంలోని ఆఫ్రికన్ బానిసల వారసులు, కనిపిస్తారు. ఆ పనితనం తరతరాలుగా ఆఫ్రికా నుంచి వచ్చినది. చిన్న బుట్టకే ధర ఎక్కువనిపించవచ్చు. ఒక్కొక్కటి గంటలు, రోజులు పట్టే పని. బేరం ఆడకుండా నచ్చితే కొనండి.

చార్లెస్టన్‌తో వచ్చే ఇబ్బంది మొదట ఖర్చు. హోటల్, భోజనం రెండూ మిగతా రెండు ఊళ్ల కంటే ఎక్కువ. మంచి రెస్టారెంట్లకు వారాల ముందే టేబుల్ బుక్ చేసుకోవాలి. రెండో ఇబ్బంది నీళ్లు. ఊరు పల్లంలో ఉంది. పెద్ద పోటు, వాన ఒకేసారి వస్తే కొన్ని వీధుల్లో నీళ్లు నిలుస్తాయి. ఆ రోజు కారు ఎక్కడ పెట్టామో చూసుకోవాలి.

## సెయింట్ ఆగస్టీన్: చిన్నది, సముద్రం పక్కది

అట్లాంటా నుంచి రెండు రాత్రుల కోసం ఇంత దూరం వెళ్లమని చెప్పను. ఓర్లాండో, టాంపా, జాక్సన్‌విల్ వాళ్లకు మాత్రం ఇదే మొదటి ఎంపిక. 1672 నుంచి 1695 దాకా కట్టిన కాస్టిల్లో డి శాన్ మార్కోస్ కోట చూడటానికే వెళ్లొచ్చు. గోడలు కొకీనా అనే గవ్వరాయితో కట్టారు. ఫిరంగి గుండు తగిలితే పగిలిపోకుండా లోపలికి మింగేసుకునే రాయి అది. ఈ కోటను యుద్ధంలో ఎవరూ గెలుచుకోలేదు.

సెయింట్ జార్జ్ స్ట్రీట్‌లో కార్లు తిరగవు, కానీ దుకాణాల హడావుడి ఎక్కువ. దాన్ని దాటి పక్క వీధుల్లోకి వెళ్లండి. 1888లో హోటల్‌గా తెరిచిన భవనం ఇప్పుడు ఫ్లాగ్లర్ కాలేజీ, లోపలి హాలు తప్పక చూడాలి. నవంబర్ మధ్య నుంచి జనవరి దాకా ఊరంతా దీపాలు పెడతారు. అప్పుడు ఇద్దరూ నడుస్తుంటే బాగుంటుంది, పార్కింగ్ మాత్రం నరకం. ఫోర్ట్ మోసే ఊరికి ఉత్తరాన కొద్ది దూరమే, ఆ ఒక్క పూట అక్కడికి.

## బస ఎక్కడ?

హైవే పక్కన హోటల్ తీసుకుంటే రాత్రికి మిగిలే డబ్బు చూసి చాలామంది అటు మొగ్గుతారు. తర్వాత జరిగేది ఇది: పొద్దున్నే కారు తీయాలి, డౌన్‌టౌన్‌లో పార్కింగ్ వెతుక్కుని డబ్బు కట్టాలి, మధ్యాహ్నం ఎండలో అలసిపోతే వెనక్కి వెళ్లే ఓపిక ఉండదు, రాత్రి భోజనానికి మళ్లీ అదే తతంగం. పాత ఊరి మధ్యలో దిగితే మధ్యాహ్నం రూముకొచ్చి కునుకు తీసి సాయంత్రం తాజాగా బయటికి వెళ్లొచ్చు. చిన్న ట్రిప్‌లో ఆ సాయంత్రాలే గుర్తుంటాయి. బడ్జెట్ సరిపోకపోతే మూడు రాత్రులు బయట ఉండే బదులు రెండు రాత్రులు మధ్యలో ఉండండి. ఆది, సోమ రాత్రులకు ధరలు సాధారణంగా తగ్గుతాయి.

డౌన్‌టౌన్ హోటళ్లలో కారు పార్కింగ్‌కి విడిగా తీసుకుంటారు, బుక్ చేసేముందే చూసుకోండి. సవానాలో డాట్ పేరుతో, చార్లెస్టన్‌లో డాష్ పేరుతో ఉచిత బస్సులున్నాయి. సవానాలో నది దాటించే చిన్న ఫెర్రీ కూడా ఉచితమే.

## శాకాహారులైతే

ఇక్కడి సంప్రదాయ వంటల్లో కనిపించని మాంసం చాలా ఉంటుంది. ఆకుకూరే కదా అని కొలార్డ్ గ్రీన్స్ తెప్పించుకుంటే పంది మాంసం వేసి ఉడికించి ఉండొచ్చు. అన్నం, బొబ్బర్లతో చేసే హాపిన్ జాన్‌లో బేకన్ పడుతుంది, టొమాటోతో వండే రెడ్ రైస్‌లోనూ అంతే. మొక్కజొన్న రవ్వతో చేసే గ్రిట్స్ బాగుంటాయి, అయితే నీళ్లలోనా, మాంసం మరిగించిన స్టాక్‌లోనా అని అడగాలి. ఫ్రైడ్ గ్రీన్ టొమాటోలు, బిస్కెట్లు, పిమెంటో చీజ్ మామూలుగా ఇబ్బంది పెట్టవు, వేయించిన నూనె, పిండిలో లార్డ్ (పంది కొవ్వు) గురించి పట్టింపు ఉంటే అదీ అడగండి. చేపలు, రొయ్యలు తినేవాళ్లకు మాత్రం మూడు ఊళ్లూ పండగే. ముఖ్యంగా చార్లెస్టన్‌లో ష్రింప్ అండ్ గ్రిట్స్. ఇద్దరిలో ఒకరు శాకాహారి, ఒకరు కాకపోతే, మెనూ ముందే చదివి టేబుల్ బుక్ చేయండి. ఆకలి మీద వీధిలో నిలబడి వెతుక్కునే పరిస్థితి రాదు.

## ఎప్పుడు

మార్చి చివరి నుంచి మే మధ్య దాకా, మళ్లీ అక్టోబర్, నవంబర్. జూలై, ఆగస్టుల్లో కాకినాడ ఉక్కపోత గుర్తొస్తుంది, పైగా మధ్యాహ్నాలు ఉరుములతో వానలు. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్, ఆ నెలల్లో డబ్బు వెనక్కిచ్చే బుకింగే చేయండి. మార్చి 17 సెయింట్ ప్యాట్రిక్స్ డే చుట్టూ సవానాలో ఊరు పట్టనంత జనం, ప్రశాంతత కోరుకునే జంట ఆ వారం తప్పించుకోవాలి. మే చివర్లో మొదలయ్యే స్పొలీటో ఉత్సవం సమయంలో చార్లెస్టన్ హోటళ్లు దొరకడం కష్టం. నాటకాలు, సంగీతం ఇష్టమైతే అప్పుడే వెళ్లండి. వసంతంలో, శరదృతువులో సవానా, టైబీ వైపు కంటికి కనిపించనంత చిన్న దోమలాంటి పురుగులు కుడతాయి. స్ప్రే తీసుకెళ్లండి.

## రెండు ఊళ్లూ కలిపి చూసేద్దామా?

సవానా, చార్లెస్టన్ మధ్య రెండు గంటల దారే. దాంతో రెండు రాత్రుల్లో రెండూ చుట్టేద్దామనిపిస్తుంది. వద్దు. ఒక రోజు సామాన్లు సర్దడం, చెక్ అవుట్, చెక్ ఇన్‌లలోనే పోతుంది. నాలుగు రాత్రులు ఉంటే మాత్రం చక్కగా కుదురుతుంది. ముందు చార్లెస్టన్ రెండు రాత్రులు, తర్వాత సవానా రెండు. చూడాల్సిన పని ఎక్కువున్న ఊరు ముందు, తీరిగ్గా గడిపే ఊరు తర్వాత.

ఇద్దరి ఇష్టాలు కలవనివాళ్ల సంగతి పైన వాయిదా వేశాను. ఒకరికి మ్యూజియంలు, ఒకరికి తీరిక కావాలంటే సవానాకే వెళ్లండి. ఒకరు ఓవెన్స్-థామస్ హౌస్‌లో ఉండగా ఇంకొకరు బయట ఓగల్‌థార్ప్ స్క్వేర్‌లో చెట్టు కింద కూర్చోవచ్చు. చార్లెస్టన్‌లో విడివిడిగా గడపడం అంత తేలిక కాదు, పడవకీ ప్లాంటేషన్‌కీ ఇద్దరూ కలిసే వెళ్లాలి. ఇద్దరికీ చరిత్ర ఇష్టమైతే ఇంకో ఆలోచన లేకుండా చార్లెస్టన్. ఎక్కువ నడవలేని పరిస్థితి ఉంటే, ఉదాహరణకు గర్భవతి అయితే, సవానా స్క్వేర్ల మధ్య బసే మేలు. అప్పుడు రివర్ స్ట్రీట్‌కి మెట్ల మీదుగా కాక లిఫ్టులోనో కారులోనో దిగండి.

ఊరు తేల్చుకున్నాక మొదట హోటల్, వెంటనే సమయం నిర్ణయించి ఉండే టికెట్లు: చార్లెస్టన్ అయితే ఫోర్ట్ సమ్టర్ పడవ, ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం, సవానా అయితే ఓవెన్స్-థామస్ హౌస్. ఆ తర్వాత ఒక్క రాత్రికి మంచి భోజనం టేబుల్. మిగతా పూటలు ఖాళీగా వదిలేయండి.